‘ఖుష్ చేస్తాలే, పని కానియ్’: ఎక్స్‌ట్రా పనికి మజ్దూరీ ఎంత?

“మేస్త్రీ, ఆ గోడ ఇంకో రెండడుగులు జరుపు. నిన్ను ఖుష్ చేస్తాలే.” ఇల్లు కట్టించుకున్న ప్రతి ఖాందాన్‌లోనూ ఎవరో ఒకరు ఈ మాట అనే ఉంటారు. ఈ మాట మీద ఏకంగా ఒక కానూన్ దఫా ఉందని నేను చెబితే మా ఇంట్లోవాళ్లే నవ్వారు.

ఉంది. 1869 నుంచి 1876 దాకా ఉస్మానియా సల్తనత్‌లో అహ్మద్ జౌదత్ పాషా సర్పరస్తీలో ఉలమా కలిసి ‘మజల్లా’ అనే దీవానీ కానూన్ రాశారు. 16 కితాబులు, 1851 దఫాలు. బునియాద్ మన హనఫీ ఫిఖ్. ఎంత ఇస్తాడో చెప్పకుండా ‘ఈ పని చెయ్యి, నిన్ను సంతోషపెడతా’ అని ఒకడు పని చేయించుకుంటే, చేసినవాడికి ఉజ్రతె మిస్ల్ హక్ అని 564వ దఫా. ఉజ్రతె మిస్ల్ అంటే అలాంటి పనికి అలాంటి పనివాడికి మామూలుగా దొరికే మజ్దూరీ. దానికి ముందున్న 563వ దఫా ఇంకా సాఫ్‌గా ఉంటుంది. రేటు మాట్లాడకుండా అడిగి పని చేయించుకుంటే, ఆ మనిషి కూలికి పనిచేసేవాడైతే ఉజ్రతె మిస్ల్ ఇవ్వాలి, కాకపోతే ఏమీ లేదు. అంటే దోస్త్ వచ్చి సాయం చేస్తే అది దోస్తీ. మేస్త్రీ చేస్తే అది రోజీ.

ఈ మజల్లా హిందూస్తాన్‌లో ఎప్పుడూ కానూన్ కాదు, తుర్కీలో కూడా 1926లో పోయింది. అయినా మనవాళ్లు చాలామంది నడిచే ఫిఖ్ ఇదే కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం.

లేని వస్తువును అమ్మడం ఖియాస్ ప్రకారం కుదరదు. కానీ లోకమంతా ఆర్డరిచ్చి చేయించుకుంటూనే ఉంది కదా అని హనఫీ ఫుఖహా ‘ఇస్తిస్నా’ను ఇస్తెహ్సాన్‌తో జాయిజ్ అన్నారు. వస్తువు చూశాక వద్దనే ఇఖ్తియార్ ఆర్డరిచ్చినవాడికి ఉంటుందని ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) రాయ్. చెప్పిన వస్ఫ్ ప్రకారమే చేశాక ఇక కాదనడానికి లేదని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి). మజల్లా 392వ దఫాలో అబూ యూసుఫ్ వైపు మొగ్గి, సౌదా కుదిరాక ఇద్దరిలో ఎవరూ వెనక్కి పోకూడదు, వస్ఫ్ తేడా వస్తేనే ఆర్డరిచ్చినవాడికి ఇఖ్తియార్ అంది. ఎందుకో కూడా వాళ్లే రాశారు. అప్పటికి తోపులు, తుపాకులు, స్టీమర్లు కార్ఖానాల్లో ఆర్డర్ మీద తయారవుతున్నాయి. అంత పని అయ్యాక ‘నాకొద్దు’ అంటే కార్ఖానావాడి బతుకేం కావాలి?

ఇంటి పనికి దీన్ని ఎలా అన్వయించాలో దర్జీ మిసాల్ చెబుతుంది. బట్ట మీరిచ్చి కుట్టిస్తే ఇజారా, బట్ట కూడా దర్జీదే అయితే ఇస్తిస్నా. మన లేబర్ కాంట్రాక్ట్, మెటీరియల్ కాంట్రాక్ట్ అచ్చంగా ఇవే.

మార్పుల మసలా మీద సూటిగా మాట్లాడింది మాత్రం ఈ మధ్యనే. 2003 జనవరిలో దోహాలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 129వ ఖరార్‌దాద్‌లో నిర్మాణ కాంట్రాక్టుల గురించి చెప్పింది. యజమాని అడిగితే చేసిన అదనపు పనికి ఉజ్రత్ మాట్లాడుకోకపోయినా ఇవజె మిస్ల్, అంటే దానికి తగ్గ బదులు, కాంట్రాక్టర్ హక్. ఎవరూ అడగకుండా తనంతట తానే చేస్తే ఒప్పుకున్న రఖం కంటే పైసా ఎక్కువ లేదు.

‘రేటు మాట్లాడలేదుగా, ఇంక బాకీ ఏంటి’ అనే మాట మన మొహల్లాల్లో ధీమాగా వింటాను. అది దీన్ మాట కాదు. ఈ దేశపు కానూన్ మాట కూడా కాదు. 1872 కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ముఫ్త్‌గా కాకుండా చేసిన పని ఫాయిదా పొందినవాడు ముఆవజా ఇవ్వాలి. పశ్చిమ బెంగాల్ సర్కారుకీ బి.కె. మండల్ అండ్ సన్స్‌కీ నడిచిన కేసు ఇలాంటిదే. 1944లో ఆఫీసర్లు అడిగితే కాంట్రాక్టర్ గదులు, వంటగది, గోదాం షెడ్డు కట్టాడు. కాగజ్ పద్ధతి ప్రకారం లేదని సర్కారు అడ్డం తిరిగింది. 1961లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కిందే కాంట్రాక్టర్‌కి పైసలు ఇప్పించింది.

అసలు చిక్కు ‘ఎవరు అడిగారు’ అన్న దగ్గర. దుబాయిలో ఉన్న షౌహర్ వీడియో కాల్‌లో ఒకటి చెప్తాడు, ఇక్కడ బీవీ ఇంకోటి చెప్తుంది, మధ్యలో చచ్చా వచ్చి మెట్లు తిప్పిస్తాడు. హిసాబ్ రోజున ముగ్గురూ ‘నేననలేదు’ అంటారు. మార్పు చెప్పే ఇఖ్తియార్ ఎవరిదో మొదటి రోజే మేస్త్రీకి చెప్పేస్తే సగం ఝగడా ఉండదు.

ఇక టైల్స్ సంగతి. మెటీరియల్ కాంట్రాక్ట్‌లో ‘అడుగుకు 60 రూపాయల వరకు’ అని రాసుకుంటారు. ఝగడాకు దారితీసే జహాలత్ సౌదాను చెడగొడుతుందని ఫుఖహా చెప్పింది ఇలాంటి చోటే. 1000 అడుగులకు మీరు 85 రూపాయల టైల్ ఎంచుకుంటే 25 వేలు పైన కట్టాలి, అందరికీ తెలుసు. 45 రూపాయల టైల్‌తో సరిపెట్టుకుంటే 15 వేలు వెనక్కి వస్తాయా? ఆ 60లో వేసే కూలి, కోతలో పోయే ముక్కలు కలిశాయా? ఇవి రాయకపోతే తేల్చాల్సింది మళ్లీ ఉజ్రతె మిస్ల్ లాంటి అందాజాతోనే. ఆ అందాజా ఎవరు కట్టాలో మజల్లా 414వ దఫాలో ఉంది: పని తెలిసినవాళ్లు, ఇద్దరిలో ఎవరి వైపూ గరజ్ లేనివాళ్లు. మేస్త్రీ బామ్మర్దీ కాదు, మీ మామూజాన్ కూడా కాదు.