“వస్తే” నుంచి “ఇఫ్” దాకా: తెలుగు విద్యార్థి ఇంగ్లీషు షరతు వాక్యాలు నేర్చుకునే తీరు

డిగ్రీ మొదటి సంవత్సరం జవాబు పత్రాలు దిద్దుతుండగా ఒక వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. స్నేహితురాలికి ఉత్తరం రాయమన్న ప్రశ్నకు ఒకమ్మాయి “ఇఫ్ ఐ కాల్డ్ యు, యు డిడ్ నాట్ లిఫ్ట్” అని రాసింది. అలవాటు కొద్దీ కింద ఎర్రగీత గీశాను. గీశాక, ఇది సెకండ్ కండిషనల్‌లో తప్పా, థర్డ్ కండిషనల్‌లో తప్పా అని చూస్తే ఏదీ కాదు. ఆ పిల్ల మనసులో ఉన్నది “నేను ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు” అన్న చక్కటి తెలుగు వాక్యం. అందులో షరతూ లేదు, ఊహా లేదు. ఫోన్ చేసిన మాట నిజం, ఎత్తని మాట నిజం. ఇంగ్లీషులో అక్కడ “ఇఫ్”కు చోటే లేదు. “ఐ కాల్డ్ యు, బట్ యు డిడ్ నాట్ ఆన్సర్” అంటే సరిపోయేది.

మన తరగతుల్లో ఈ పాఠం ఎప్పుడూ నాలుగు సూత్రాలతో మొదలవుతుంది. జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని బోర్డు మీద నాలుగు వరసలు రాస్తాం, పిల్లలు బట్టీ పడతారు, ఖాళీలు పూరించమంటే పూరిస్తారు. సొంతంగా రాయమన్నప్పుడు మాత్రం అవే తప్పులు. సూత్రం మరిచిపోవడం వల్ల ఇవి వస్తున్నాయని నేను అనుకోను. తెలుగు “-తే” పరిధి ఇంగ్లీషు “ఇఫ్” పరిధి కంటే చాలా పెద్దది. జరగగలదానికీ జరగనిదానికీ మధ్య గీతను రెండు భాషలూ వేర్వేరు చోట్ల గీస్తాయి. ఈ రెండు సంగతులూ చెప్పకుండా సూత్రాలు చెప్పడం వల్లే పిల్లలు తడబడుతున్నారన్నది నా వాదన.

మాతృభాషనూ నేర్చుకునే భాషనూ పక్కపక్కన పెట్టి చూస్తే కష్టం ఎక్కడ వస్తుందో తెలుస్తుందని రాబర్ట్ లాడో 1957లో అన్నాడు. ఆ తర్వాత పిట్ కోర్డర్ 1967లో, లారీ సెలింకర్ 1972లో దృష్టిని విద్యార్థి వైపు తిప్పారు. విద్యార్థి చేసే తప్పుల వెనక ఒక క్రమం ఉంటుందనీ, రెండు భాషల నడుమ అతను తనదైన ఒక మధ్యంతర భాషను కట్టుకుంటాడనీ చెప్పారు. తెలుగు పిల్లల “ఇఫ్” వాక్యాలను ఆ చూపుతో చదవాలి.

మన వ్యాకరణంలో “చేస్తే” రూపానికి చేదర్థకమని పేరు. సంస్కృతంలో “చేత్” అంటే “అయిన పక్షంలో” అని అర్థం. “చేసి” క్త్వార్థకం, “చేస్తూ” శత్రర్థకం, “చేసినా” అప్యర్థకం అయినట్టే ఇదీ ఒక అసమాపక క్రియ. దానికి కాలం లేదు, పురుష లేదు, లింగవచనాలు లేవు. నేను వస్తే, నువ్వు వస్తే, వాళ్ళు వస్తే. నిన్న వస్తే, రేపు వస్తే. అన్నిటికీ ఒకటే రూపం. కాలమూ నిజానిజాలూ తేల్చే భారం మొత్తం వాక్యం చివరనున్న సమాపక క్రియదే. ఇంగ్లీషు “ఇఫ్” తర్వాత మాత్రం కాలం ఉన్న క్రియ రావాలి. తెలుగు పిల్ల ఎన్నడూ ఎంచుకోనక్కర్లేని చోట ఇంగ్లీషు ఆమెను ఎంచుకోమంటుంది.

ఇక పరిధి సంగతి. “తెల్లవారితే పెళ్ళి” అంటాం. తెల్లవారుతుందో లేదోనన్న సందేహం పెళ్ళివారిలో ఎవరికీ లేదు. “నువ్వు పిలిస్తేనే వచ్చాను” అన్నప్పుడు “పిలిస్తే” కారణం చెబుతోంది. “తలుపు తీస్తే ఎదురుగా మామయ్య” అన్నప్పుడు ఒకదాని వెంట ఒకటి జరిగిన వరస చెబుతోంది. “తంతే బూరెల బుట్టలో పడ్డట్టు” అన్న సామెతలో తన్నడమూ అయిపోయింది, పడడమూ అయిపోయింది. వీటిలో మొదటిదానికి ఇంగ్లీషులో “వెన్”, రెండోదానికి “బికాజ్” కావాలి, మూడోదానికి “అండ్” కూడా చాలు. “వస్తే కొండ, పోతే వెంట్రుక” అన్నప్పుడు మాత్రమే “ఇఫ్” దాని సొంత చోట కూర్చుంటుంది, ఎందుకంటే అక్కడ ఏమవుతుందో నిజంగా తెలియదు. “-తే” కనబడగానే “ఇఫ్” రాయమని మనమే నేర్పి, అందుకు ఆ పిల్ల పేపరు మీద ఎర్రగీత గీయడం న్యాయం కాదు.

రెండో సంగతి ఇంతకంటే లోతైనది. ఈ రెండు వాక్యాలు చూడండి. “రేపు వాన పడితే మ్యాచ్ ఆగిపోతుంది.” “ఏ లాటరీయో తగిలితే ఊళ్ళో ఇల్లు కట్టుకుంటాను.” మొదటిది జరగవచ్చు, రెండోది దాదాపు కల. రెండింటి క్రియలకూ తెలుగు ఒకే వేషం వేసింది. కల అన్న సంగతిని క్రియ చెప్పడం లేదు, “ఏ లాటరీయో”లోని “ఏ… ఓ” చెబుతోంది. ఇంగ్లీషు ఆ పనిని క్రియకే అప్పగించి “ఇఫ్ ఐ వన్ ద లాటరీ, ఐ వుడ్ బిల్డ్ ఎ హౌస్” అంటుంది. ఆశ గట్టిగా ఉన్నవాడు “ఇఫ్ ఐ విన్, ఐ విల్” అనడమూ తప్పు కాదు.

ఇప్పుడు మరొకటి: “డబ్బుంటే కొనేవాణ్ణి.” ఇక్కడ క్రియ మారింది. డబ్బు లేదు, కొనలేదు. ఈ మాట ఇప్పటిదా, నిన్నటిదా? రెండూ కావచ్చు. కొట్టు ముందు నిలబడీ అనవచ్చు, వారం తర్వాత తలుచుకునీ అనవచ్చు. నిన్నటిదేనని గట్టిగా చెప్పాలంటే “ఉండి ఉంటే కొని ఉండేవాణ్ణి” అంటాం గానీ మామూలు మాటల్లో దాని అవసరం అంతగా రాదు. ఇంగ్లీషులో మాత్రం ఇప్పటిదైతే “ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై”, నిన్నటిదైతే “ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్”.

అంటే మనం సెకండ్ కండిషనల్ అని ఒకే వరసలో పెట్టినదాన్ని తెలుగు రెండు ముక్కలు చేస్తోంది. భవిష్యత్తు గురించిన కలను “కట్టుకుంటాను” వైపుకూ, వర్తమానంలో లేనిదాన్ని “కొనేవాణ్ణి” వైపుకూ పంపిస్తోంది. మన పిల్లలకు ఫస్ట్ కంటే, థర్డ్ కంటే సెకండే ఎక్కువ కొరుకుడు పడకపోవడానికి కారణం ఇదే. ఆ వరసకు తెలుగులో ఒక ఇల్లు లేదు, రెండు ఇళ్ళలో రెండు గదులున్నాయి.

ఇంతవరకూ చెప్పినది కష్టం. తెలుగు ఇచ్చే అందమైన సాయం కూడా ఒకటి ఉంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. “చిన్నప్పుడు మా అమ్మమ్మ రోజూ కథలు చెప్పేది” అంటాం. “అమ్మమ్మ ఉంటే ఇప్పుడూ చెప్పేది” అనీ అంటాం. ఒకే “చెప్పేది” ఒకచోట పాత అలవాటు, ఇంకోచోట జరగని ఊహ. ఇంగ్లీషు “వుడ్” కూడా అచ్చంగా ఈ రెండు పనులే చేస్తుంది. “షి వుడ్ టెల్ అస్ స్టోరీస్ ఎవ్రీ ఈవినింగ్” అలవాటు, “షి వుడ్ టెల్ అస్ స్టోరీస్ నౌ, ఇఫ్ షి వర్ హియర్” ఊహ. ఇది కాకతాళీయం కాదు. గతాన్నీ, ముగియని పనినీ సూచించే రూపాలు జరగనిదాన్ని చెప్పడానికి రావడం గ్రీకు, ఫ్రెంచి వంటి భాషల్లోనూ ఉంది. సబీన్ ఇయాట్రిడూ 2000లో అచ్చయిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ గతరూపం కాలాన్ని చెప్పడం లేదనీ, వాస్తవం నుంచి దూరాన్ని చెబుతోందనీ చర్చించింది. మనకు మరీ దగ్గరి ఉదాహరణ పాణిని చెప్పిన లృఙ్ లకారం. పని నెరవేరకపోవడాన్ని, అంటే క్రియాతిపత్తిని చెప్పేది అదే. “అభవిష్యత్” అన్న రూపంలో ముందున్న “అ” గతానికి గుర్తు, మధ్యనున్న “ష్య” భవిష్యత్తుకు గుర్తు. “విల్”కు గతరూపమైన “వుడ్” నిర్మాణమూ ఇలాంటిదే.

తేడా ఒక్కటే. తెలుగు ఈ గతరూపాన్ని ప్రధాన వాక్యంలోనే ఉంచుతుంది, “ఉంటే” ఉన్నచోట ఉన్నట్టే ఉంటుంది. ఇంగ్లీషు “ఇఫ్” భాగాన్ని కూడా ఒక మెట్టు గతంలోకి జరుపుతుంది. అందుకే మన పిల్లలు “వుడ్” సరిగ్గా పెట్టి, “ఇఫ్” దగ్గర జారిపోతారు. కొందరు “ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ వుడ్ బై” అని మెట్టు దిగకుండా వదిలేస్తారు. కొందరు “ఇఫ్ ఐ వుడ్ హావ్ మనీ” అని రెండువైపులా “వుడ్” పెడతారు. సంస్కృతం లృఙ్‌ను రెండు భాగాల్లోనూ వాడుతుంది, అమెరికావాళ్ళ మాటల్లోనూ ఈ రెండో తప్పు వినబడుతుంది. కాబట్టి దీన్ని తెలివితక్కువతనం కింద జమకట్టకూడదు. “ఇఫ్ హి విల్ కమ్” అన్న తప్పుకు మూలం, నా అనుమానం, “వస్తే”, “వస్తాడు” చెవికి దగ్గరగా ఉండడం.

“అన్‌లెస్” సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. దాన్ని “ఇఫ్ నాట్” అని నేర్పితే “అన్‌లెస్ యు డోంట్ టెల్” పుడుతుంది. “నువ్వు చెప్తే తప్ప వినడు” అన్న వాక్యం ముందు పెడితే, “చెప్తే”లో వ్యతిరేకం లేదు కనక “అన్‌లెస్ యు టెల్ హిమ్” దానంతటదే వస్తుంది.

రాండల్ఫ్ క్వర్క్ బృందం 1985లోనూ, హడిల్‌స్టన్, పుల్లమ్ 2002లోనూ వెలువరించిన పెద్ద వ్యాకరణాల్లో అసలు విభజన నాలుగు రకాలుగా లేదు. జరగవచ్చు అని తెరిచి ఉంచినవి, వాస్తవానికి దూరంగా పెట్టినవి అని రెండే. మన పిల్లలకు దానికి ముందు ఇంకొక గది కావాలి, అది జరిగిపోయినవాటి గది. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులోనే ఉంది. ఇంగ్లీషు టీచర్లు ఒకసారైనా తిరగేయవలసిన పుస్తకం.

నేను ఇప్పుడు బోర్డు మీద సూత్రం రాయను. ముందు తెలుగు వాక్యం చెప్పమంటాను. ఆ పని జరిగిపోయిందా అని అడుగుతాను. జరిగిపోతే “ఇఫ్” వద్దు. ఇంకా తెలియదంటే “విల్”. వాక్యం చివర “చేసేవాడు, చేసేది” వస్తే “వుడ్”, వెంటనే “ఇఫ్” భాగాన్ని ఒక మెట్టు దించాలి. భవిష్యత్తు కలలను చివరికి ఉంచుతాను, అక్కడ తెలుగు దారి చూపదు కనక.

మొన్న ఒక విద్యార్థిని చెప్పిన వాక్యం: “నాన్న బతికుంటే ఈపాటికి నాకు సైకిల్ నేర్పేవాడు, మేడమ్.” బోర్డు దగ్గరికి వచ్చి “ఇఫ్ మై ఫాదర్ ఈజ్ అలైవ్” అని రాసి ఆగింది. “ఈజ్ అంటే మీ నాన్న ఉన్నాడో లేడో నీకు తెలియదని చదివేవాళ్ళు అనుకుంటారమ్మా” అన్నాను. కాసేపు బోర్డు వైపే చూసింది. “తెలుసు మేడమ్” అంది. వేలితో “ఈజ్” చెరిపి, అక్కడ “వర్” రాసింది.