ఆరంభసభ

పని మొదలిడునాడు పదిమంది కూడుట మనకు క్రొత్త గాదు. ఏరువాకపున్నమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఊరివారందఱును కలసి మొదటి చాలు దున్నెడివారు. విజయదశమికి బడిపిల్లలు విల్లంబులు చేతబట్టి పంతులుగారి వెంట ఇల్లిల్లు తిరిగెడివారు. నేనును బాల్యమున అట్లు తిరిగినవాడనే. ఇప్పుడా ఊరేగింపు చాలచోట్ల కానరాదు. ఆ తలపుతోడనే నేడు దూరదేశపు వృత్తాంత మొకటి విన్నవించెదను.

ముందు మా యూరి సంగతి. 1948 మార్చి 14వ తేదీన విశాఖపట్టణమున జవహర్‌లాల్ నెహ్రూగారు జల ఉష యను నౌకకు జలప్రవేశము చేయించిరి. అది 8,000 టన్నుల నౌక. ఓడ నీటిలోనికి జాఱుటకు ప్రధానమంత్రి అక్కఱలేదు. వాలుదారియు, ఓడ బరువును చాలును. అయినను సభ చేసిరి. చేసినపని నీట తేలుట అందఱును ఒక్క గడియలో చూడవలె ననుటయే అట్టి సభల కర్థమని నా తలంపు.

అమెరికాదేశమున డీన్ కామెన్ అను యంత్రశిల్పి 1989లో ఫస్ట్ అను సంస్థను స్థాపించెను. విద్యార్థులు తాము చేసిన రోబోటులతో పోటీపడుట దీని పద్ధతి. ఇందు అతనికి తోడైన వుడీ ఫ్లవర్స్ అను ఆచార్యుడు అంతకుముందే తన శిష్యులకు ఒకేతీరు సామగ్రిగల పెట్టెల నిచ్చి, వానితో యంత్రములు చేయించి పోటీ పెట్టెడివాడు. 1992లో మాంచెస్టరు పట్టణమందలి ఒక బడి వ్యాయామశాలలో 28 జట్లతో మొదటి పోటీ జరిగెను. మా ఉక్కు కర్మాగారము జాతికి అంకిత మైనదియు ఆ యేటనే.

ఏటేటను ఆట మాఱును. జనవరి మొదట వెల్లడించువఱకు అది యెట్టిదో ఎవరికిని తెలియదు. పిదప చాలకాలము ఆఱు వారములే గడు వుండెను. కావున ఆ దినము పండుగ యయ్యెను. జట్లు పెరుగగా, మాంచెస్టరు సభను ప్రసారముచేయ నారంభించిరి. ఊరూర జట్లు ఒకచోట కూడి, తెరమీద చూచి, సామగ్రిపెట్టెలు మోసికొని పోయెడివి. 2021లో కోవిడు కారణమున ఆరంభము దూరప్రసారముగనే జరిగెను. తరువాత కొన్నిచోట్ల మరల కూడుచున్నను, ఇంటనుండియే చూచు అలవాటు నిలిచినది.

ఇందు పోయిన దేమి? నా యనుభవము చెప్పెదను. ఉద్యోగము విడుచుటకు ముందటి యేడు మా పిల్లలు చిన్న రోబోటుల పోటీ కొకదానికి పూనుకొనిరి. "నియమములు ఫోనులోనికి వచ్చును, సభ యెందులకు?" అని నేనే అంటిని. ఒక బాలిక తండ్రి రేవులో క్రేను నడుపువాడు. ఇంట ఒక్కటే ఫోను. అది ఆయనతో రాత్రిపనికి పోయెను. ఆ పిల్ల మూడవనాడు సంగతి తెలిసి వచ్చుసరికి తక్కినవారు పనులు పంచుకొనియుండిరి. ఆమెకు బల్ల తుడుచు పని మిగిలెను. నాలుగవనాడు రాలేదు. అందఱికిని ఒకే సామగ్రి యిచ్చితిమి గాని, అందఱికిని ఒకే వేళ తెలియవలె నను మాట నేను మఱచితిని. పిమ్మట వారి యింటికి పోయి పిలిచితిని. ఆమె నవ్వి, "వచ్చే యేడు చూతము, మాస్టారూ" అన్నది. మరుసటి యేడు నేను బడిలో లేను.

దూరప్రసారమును నిందించుట నా యభిమతము గాదు. రైలుఖర్చు పెట్టుకొనలేని కొండయూరి పిల్లవానికి అదియే దారి. ఈ ప్రసంగమును గాలిమీదనే మీ చెంతకు వచ్చుచున్నది. అయితే మా యూర పంచాయతీ రేడియో యొక్కటే యున్నపుడు పెద్దలు అరుగుమీద చేరి వినెడివారు. ఒకరికి తెలియని మాట మఱియొకరు విప్పి చెప్పెడివారు. మాట ఎంత దూరమునుండి వచ్చినను వినుట మాత్రము కలసియే జరిగెను.

కావున పెద్దలకు నా మనవి యొక్కటే. మీ యూరి పిల్లలు ఇట్టి పోటీకి పూనుకొన్ననాడు పంచాయతీ చావడి ఒక్క గంట తెఱిపింపుడు. ఉన్న ఒక్క ఫోనునే నడుమ నుంచి, నియమములు పైకి చదివింపుడు. ఎవరు రాలేదో లెక్కచూచి, వారింటికి మనిషిని పంపి, ఆ తరువాతనే మొదలుపెట్టింపుడు. నేను చేయని పని అదియే.