మైలమ (స్త్రీ నామం)

మైలమ తెలుగు, కన్నడ ప్రాంతాల మధ్యయుగ శాసనాల్లో కనిపించే స్త్రీ నామం. శాసనాల తెలుగు భాగాల్లో ఇది మైలమ అనీ, సంస్కృత శ్లోకాల్లో మైలాంబ అనీ ఉంటుంది. కన్నడ శాసనాల్లోని మైలలదేవి దీనికి తోబుట్టువు లాంటి రూపం. 11 నుంచి 13వ శతాబ్ది దాకా రాణివాసాల్లోనూ మంత్రుల ఇళ్లలోనూ బాగానే వాడుకలో ఉన్న ఈ పేరు ఇప్పుడు ఆడపిల్లలకు పెట్టడం బహు అరుదు. అర్థం విషయంలో ఏకాభిప్రాయం లేదు. అశౌచాన్ని సూచించే ‘మైల’ అన్న మాట నుంచి వచ్చిందనీ, నెమలికి తమిళంలో ఉన్న పేరు నుంచి వచ్చిందనీ, మైలార అనే శైవ దేవుడి పేరుతో ముడిపడిందనీ మూడు రకాలుగా చెప్పడానికి వీలుంది. వీటిలో మూడోదానికే ఆధారాలు ఎక్కువగా ఉన్నాయి. పేరు ఎందుకు మరుగున పడిందో కూడా దానితోనే కొంత వరకు తేలుతుంది.

తేదీలను బట్టి చూస్తే ఈ పేరు మొదట కల్యాణి చాళుక్యుల పరిధిలో కనిపిస్తుంది. మొదటి సోమేశ్వరుడి (పాలన సుమారు 1042–1068) రాణుల్లో ఒకరైన మైలలదేవి బనవాసి ప్రాంత పాలన చూసింది. ఆరో విక్రమాదిత్యుడి కూతురు మైలలదేవి గోవా కదంబ రాజు రెండో జయకేశిని పెళ్లాడింది. తెలుగు నేల మీద తొలినాటి గట్టి ఆధారం హనుమకొండ పద్మాక్షి గుట్ట శాసనం. చాళుక్య విక్రమ శకం 42లో, అంటే 1117లో, కాకతీయ రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఆ గుట్ట మీద కడలాలయ అనే జైన బసది కట్టించినట్టు అందులో ఉంది. శాసనం భాష ప్రధానంగా కన్నడం. కాకతీయులు అప్పటికింకా చాళుక్య సామంతులే. ఏలికల కొలువు భాషతోపాటు ఆ కొలువులో చెలామణి అయ్యే పేర్లు కూడా సామంతుల ఇళ్లలోకి చేరడం వింత కాదు. మైలమ అన్న పేరు ఓరుగల్లు సీమకు పడమటి నుంచి వచ్చిందనడానికి ఈ ఒక్క శాసనమే చాలకపోవచ్చు గాని, దాని కాలమూ భాషా ఆ వైపే చూపిస్తున్నాయి. ఆ జైన బసది ఉన్న చోటే ఇప్పుడు పద్మాక్షి అమ్మవారి గుడి. పార్శ్వనాథుడి శిల్పాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఈ పేరు గలవారిలో చరిత్రకు ఎక్కువ మేలు చేసింది కాకతీయ గణపతిదేవుడి (1199–1262) చెల్లెలు మైలమ. ఆమె నతవాడి రుద్రుడి భార్య. నతవాడి అంటే స్థూలంగా నేటి నందిగామ, మధిర పరిసరాలు. కాకతీయులకూ నతవాడి వారికీ అప్పటికే వియ్యం ఉంది. రెండో ప్రోలుడి భార్య ముప్పమాంబ ఆ ఇంటి ఆడపడుచే. మైలమ నేటి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో చెరువు తవ్వించి దానికి ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. చెరువు కట్ట మీద వేయించిన శాసనాన్ని పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిష్కరించి ప్రకటించాక కాకతీయుల పూర్వ చరిత్రను తిరగరాయవలసి వచ్చింది. కారణం, అందులో మైలమ తన పుట్టింటి వంశావళిని విస్తారంగా చెప్పించడమే. దుర్జయ వంశంలో పుట్టిన వెన్నభూపతి కాకతి నుంచి ఏలాడనీ, అతని తరవాత గుండరాజులు వరసగా వచ్చారనీ చెప్పే ఈ పట్టిక మిగతా శాసనాల్లో ఇంత వివరంగా దొరకదు. మెట్టింటి సీమలో కూర్చుని పుట్టింటి ముత్తాతల పేర్లు రాతికెక్కించిన ఆడపడుచు కాకతీయ శాసనాల్లో మరొకతె అరుదు. ఆమె సోదరి కుందమాంబ కూడా చెరువు తవ్వించింది. ఆ చెరువు పేరు కుందసముద్రం.

పల్నాటి వీరుల కథలో నలగామరాజు తల్లి పేరు మైలమాదేవి. వెలనాటి చందవోలు ప్రభువు కూతురైన ఆమెను అనుగురాజుకిచ్చి పెళ్లి చేసి, పల్నాడును అరణంగా ఇచ్చారని కథ. పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది చివరి భాగానిదని సాధారణంగా అంగీకరిస్తున్నా, కథ మనకు చేరింది తరవాతి కాలపు కావ్యం ద్వారా, గాయకుల నోటి ద్వారా. కాబట్టి ఈ మైలమాదేవిని శాసనంలోని మైలమతో సమానమైన సాక్ష్యంగా తీసుకోకూడదు. ఆ కాలపు వెలనాటి రాచకన్యకు తగిన పేరు మైలమే అని కథ చెప్పినవాళ్లకు తోచిందన్నంత వరకు మాత్రం ఇది పనికొస్తుంది.

ఇక పేరు నిర్మాణం. ఆ కాలపు స్త్రీ నామాల్లో ఎక్కువ భాగం మగవారి పేరుకు చివర ‘అమ’ చేర్చినవే. రుద్రుడికి రుద్రమ, ప్రోలుడికి ప్రోలమ, కేతుడికి కేతమ, గణపతికి గణపమ. కన్నడ దేశంలో ఇదే పనిని ‘అల’ చేసింది. కేతలదేవి, బాచలదేవి, చందలదేవి అన్నవి అలాంటివి. ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెడితే మైలమలోనూ మైలలలోనూ మిగిలేది ‘మైల’ అన్న మూలమే. ఆ మూలం మగ పేర్లలోనూ ఉంది. కలచురి వంశంలోని మైలుగి అందుకు ఉదాహరణ. కనుక మైలమను ఆడవారికి మాత్రమే ప్రత్యేకంగా పుట్టిన పేరుగా చూడడం సరికాదు. ఆడ మగ తేడా లేకుండా ఒక ప్రాంతం ఇష్టపడిన మూలం ఇది. అలాంటి మూలాలకు వెనక సాధారణంగా ఒక దేవుడుంటాడు. గణపతి గణపగా, మల్లికార్జునుడు మల్లగా కుదించుకుపోయినట్టే, మైలారుడు మైలగా కుదించుకుపోయి ఉండాలి. చివరి ‘ర’ ఏమైందన్న ఆక్షేపణకు ఈ కుదింపులే జవాబు. అయితే మైలార శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందన్నది వేరే చిక్కు. మల్లాసురుణ్ణి చంపిన మల్లారి పేరే మైలారగా మారిందని కొందరూ, దేశి నామమైన మైలారకే పండితులు మల్లారి అన్న సంస్కృత వేషం వేశారని మరికొందరూ అంటారు. రెండో మాటే సహజంగా ఉంది. మైల అన్న మూలం దేవుడి కంటే ముందే మనుషుల పేరుగా ఉండి, దేవుడికే తరవాత అంటుకుందేమో అన్న అనుమానాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. అలా జరిగి ఉన్నా, పేరూ కొలువూ ఒకే నేలవని తేలుతుందే గాని వాదం తలకిందులు కాదు.

అశౌచం వాదం చూడగానే అసంబద్ధంగా తోస్తుంది గాని దాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకూడదు. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో దిష్టి తగలకుండా పెంటమ్మ, పుల్లయ్య, తవిటమ్మ అని పేర్లు పెట్టడం తెలుగువారికి తెలిసిన ఆనవాయితీయే. పురిటి మైల పేరుతో పిల్లను పిలవడం ఆ వరసలో ఇమడకపోదు. కానీ అలాంటి పేర్లు ఒక ఇంట్లో ఒక బిడ్డకు అవసరం కొద్దీ పెట్టేవి. మూడు నాలుగు రాజవంశాల్లో, రెండు భాషల్లో, ‘దేవి’ అన్న గౌరవ పదంతో సహా అదే పేరు రావడాన్ని ఈ వాదం వివరించలేదు. నెమలి వాదానికి ఇంకో రకం ఇబ్బంది ఉంది. తమిళ ‘మయిల్’ మైలాపూరు పేరులో ఉన్నమాట నిజమే. కానీ తెలుగువారిది నెమలి, కన్నడిగులది నవిలు. వెలనాటి ప్రభువులు చోళుల అండన ఉన్నవారు కాబట్టి చందవోలు మైలమ పేరు తమిళం నుంచి రావచ్చునని ఎవరైనా అంటే కాదనలేం. పేరు ముందుగా కనిపించిన బనవాసి, హనుమకొండలకు మాత్రం ఆ దారి కుదరదు. జైన బసది కట్టించిన మంత్రి భార్యకు శైవ దేవుడి పేరేమిటని అడగవచ్చు. పేరు పెట్టేది తల్లిదండ్రులు, బసది కట్టించింది పెరిగాక ఆమె. పైగా ఒకే ఇంట్లో జైనమూ శైవమూ కలిసి నడిచిన కాలం అది.

ఓరుగల్లులో మైలార కొలువు ఎంత బలంగా ఉండేదో క్రీడాభిరామం చెబుతుంది. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామానికి తెలుగు చేతగా చెప్పే ఈ వీథి నాటకాన్ని వినుకొండ వల్లభరాయడు రాశాడా, శ్రీనాథుడు రాశాడా అన్న వివాదం తెగలేదు. కర్త ఎవరైనా, అందులో మైలార భటుల సాహసాల వర్ణన ఉంది. తరవాతి శతాబ్దాల్లో తెలుగు నేల మీద ఆ దేవుడు మల్లన్నగా స్థిరపడ్డాడు. ఐనవోలులో, కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఒగ్గు పూజారులు ముగ్గుతో పట్నం వేసి, పసుపు బండారి చల్లి కొలిచేది మల్లన్ననే. ఆయనకు ఇరుపక్కలా ఉండే దేవేరులు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. ఈ రెండూ పైన చెప్పిన ‘అల’, ‘అమ’ పద్ధతిలోని పాత పేర్లలాగే ఉండడం గమనించదగింది. దేవుడు మల్లన్న అయ్యాక భక్తుల ఇళ్లలో మల్లయ్య, మల్లమ్మ పెరిగారు. మైలమకు ఉన్న దన్ను పోయింది. అండ పోయాక వినేవారి చెవికి మిగిలింది అశౌచం అర్థమే. ఆ అర్థం పేరు పుట్టుకకు కారణం కాకపోయినా, పేరు పోవడానికి మాత్రం తోడ్పడి ఉంటుంది.

కర్ణాటకలో దేవుడి పాత పేరు చెక్కు చెదరలేదు. హడగలి తాలూకాలోని మైలారలో కార్ణికం అనే జోస్యం చెప్పే ఆచారం ఇప్పటికీ జరుగుతుంది. మనుషుల పేర్లలోనూ అది నిలిచింది. 1930 దండి యాత్రలో నడిచి 1943లో కాల్పుల్లో మరణించిన మైలార మహదేవప్ప పేరు కన్నడిగులకు సుపరిచితం. తెలంగాణలో ఈ పేరు ఊళ్లకు మిగిలింది. మైలారం అనే గ్రామాలు పలు జిల్లాల్లో ఉన్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్ దగ్గరి మైలార్‌దేవ్‌పల్లిలో దేవుడి పేరు పూర్తిగానే ఉంది. మైలవరం అన్న ఊళ్లను కూడా, ముఖ్యంగా నతవాడికి దాపునున్న ఎన్టీఆర్ జిల్లా మైలవరాన్ని, మైలమతో కలపాలని అనిపించవచ్చు. శాసనం చూపకుండా ఆ పని చేయడం తొందరపాటే అవుతుంది.