సన్‌టాన్: ఎగరకుండానే ఆగిన హైడ్రోజన్ నిఘా విమానం

సన్‌టాన్ అమెరికా వైమానిక దళం 1956లో రహస్యంగా మొదలుపెట్టి, 1959లో లాంఛనంగా రద్దు చేసిన నిఘా విమాన పథకం. విమానానికి లాక్‌హీడ్ సంస్థ పెట్టిన పేరు సీఎల్-400. దాని ఇంధనం ద్రవ హైడ్రోజన్. 1898లో జేమ్స్ డ్యూవార్ లండన్‌లో హైడ్రోజన్‌ను ద్రవీకరించాక అర్ధ శతాబ్దం పాటు అది ఎక్కువగా ప్రయోగశాలల సరుకుగానే ఉండిపోయింది. నిఘా విమానం యూ-2 సోవియట్ గగనతలంలో ఎంతోకాలం నిరాటంకంగా తిరగలేదని గ్రహించిన దాని రూపశిల్పి కెల్లీ జాన్సన్ 1956 ఆరంభంలో పెంటగాన్ ముందు కొత్త ప్రతిపాదన పెట్టాడు: ద్రవ హైడ్రోజన్‌తో నడుస్తూ, 30 కిలోమీటర్ల ఎత్తున, శబ్దానికి రెండున్నర రెట్ల వేగంతో పోయే విమానం. బర్బాంక్‌లోని లాక్‌హీడ్ రహస్య విభాగం స్కంక్ వర్క్స్‌లో ఇంజనీర్ బెన్ రిచ్ మైనస్ 253 డిగ్రీల ఇంధనాన్ని నిల్వచేసే పద్ధతులను పరీక్షించాడు. ప్రాట్ అండ్ విట్నీ తయారుచేసిన 304 ఇంజన్ 1957లో పరీక్షా వేదికపై నడిచింది కూడా.

ఎగరని విమానం మీద కోట్ల డాలర్లు తగలేశారన్నది తరచూ వినిపించే విమర్శ. రద్దుకు దారితీసిన లెక్క చూస్తే ఆ మాట నిలవదు. కిలోకు కిలో హైడ్రోజన్ కిరోసిన్ కంటే దాదాపు మూడు రెట్ల శక్తినిస్తుంది. అంతే శక్తికి పట్టే చోటు మాత్రం నాలుగు రెట్లు. పలుచని రెక్కల్లో అంత చల్లని ద్రవాన్ని నింపడం కుదరదు గనుక ఇంధనమంతా 50 మీటర్ల పొడవైన దేహంలోనే ఇమడాలి. అలా ఇమిడ్చినా విమానం వెళ్లి తిరిగి రాగల దూరం సుమారు 2,000 కిలోమీటర్ల దగ్గర ఆగింది. వైమానిక దళానికి అది చాల్లేదు. దేహం పెంచితే గాలి నిరోధమూ పెరుగుతుంది. దూరం కొద్ది శాతానికి మించి పెరగదని తేల్చిన జాన్సన్ పథకాన్ని ఆపేయమని తానే చెప్పాడు. చేతిలో కాంట్రాక్టు ఉన్న నిర్మాతలో ఇంత నిజాయితీ అరుదు. ఓపిక పడితే దారి దొరికేదనేవారికి 1962 ఏప్రిల్‌లో తొలిసారి ఎగిరిన లాక్‌హీడ్ నిఘా విమానం ఏ-12 జవాబు. కిరోసిన్ తరహా ఇంధనంతోనే అది తర్వాత శబ్దానికి మూడు రెట్లు దాటింది.

ఖర్చు ఊరికే పోలేదనడానికి 304 ఇంజన్ నిర్మాణమే ఆధారం. అందులో వేడెక్కి వ్యాకోచించిన హైడ్రోజన్ టర్బైన్‌ను తిప్పుతుంది. ఆ తర్వాత అదే సంస్థ చేసిన ఆర్ఎల్-10 రాకెట్ ఇంజన్‌లోనూ పంపులను నడిపేది అలాంటి సూత్రమే. క్లీవ్‌లాండ్‌లోని లూయిస్ ప్రయోగశాల అప్పటికే హైడ్రోజన్‌పై పనిచేస్తోందని, 1957లో బీ-57 విమానపు ఒక ఇంజన్‌ను గాలిలోనే దానితో నడిపిందని గుర్తుచేసేవారున్నారు. నిజమే. కానీ ఫ్లోరిడాలో టన్నుల లెక్కన హైడ్రోజన్‌ను ద్రవీకరించే కర్మాగారాలు, దాన్ని రోజూ వాడి చేయి తిరిగిన ఇంజనీర్లు సన్‌టాన్ చలవే. రెండు ఆర్ఎల్-10లు అమర్చిన సెంటార్ రాకెట్ దశ 1963 నవంబర్ 27న కక్ష్యకు చేరింది.