కారు కింద దూరిన తరం

బ్రిటన్‌లో పాత కారుకు రేకు అతికించుకోవడం చాలా ఇళ్ళలో ఆదివారం పని. కారును గ్యారేజీలో స్టాండ్ల మీదికి ఎక్కించి, ముఖానికి వెల్డింగ్ తొడుగు పెట్టుకుని, యజమానే దాని కిందికి దూరతాడు. ఇవాళ దీన్ని పాత కార్ల మోజు అంటున్నారు. మొదలైంది మాత్రం మోజుతో కాదు. ప్రభుత్వ భద్రతా పరీక్షలో తప్పిన కారును మళ్ళీ రోడ్డెక్కించాలి, మెకానిక్ షెడ్డులో అడిగే కూలీ ఇచ్చుకోలేరు. ఆ ఇబ్బందే మధ్యతరగతి మనిషి చేత వెల్డింగ్ నేర్పించింది.

వెల్డింగ్ అవసరం రాకముందు కార్ల తీరు వేరు. కింద బలమైన చాసిస్, దాని మీద బిగించిన బాడీ. మడ్‌గార్డు తుప్పు పడితే బోల్టులు విప్పి మరొకటి వేసుకుంటే సరిపోయేది. 1937లో వాక్స్‌హాల్ టెన్‌తో బ్రిటన్‌లో ఆ పద్ధతి మారడం మొదలైంది. విడిగా చాసిస్ లేదు. రేకులనే మడిచి, పెట్టెల్లాగా అతికి, బరువంతా వాటి మీదే మోపారు. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మోరిస్ మైనర్ 1948లో అదే దారిలో వచ్చింది. పది లక్షల మార్కు దాటిన తొలి బ్రిటిష్ కారు అది. తేలిక, గట్టిదనం రెండూ ఉన్న బాడీయే. కాకపోతే ఆ గట్టిదనమంతా మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే రేకులో ఉంది.

తలుపుల కింద గడపలా సాగే భాగాన్ని సిల్ అంటారు. లోపల బోలు. తలుపుల్లోంచి, అడుగు నుంచి చేరిన నీళ్ళు పోవడానికి దానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. బురద వాటిని మూసేస్తే నీళ్ళు లోపలే నిలుస్తాయి. పైన పెయింటు పొక్కు లేచేసరికి లోపలి గోడను తుప్పు ఎప్పుడో తినేసి ఉంటుంది. దీనికి తోడు ఉప్పు. చలికాలంలో మంచు కరిగించడానికి బ్రిటన్ రోడ్ల మీద రాతి ఉప్పు చల్లుతారు. 1844లో తెరిచిన చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిలో ఇప్పటికీ ఆ ఉప్పు తవ్వుతున్నారు. టైర్లు చిమ్మిన ఉప్పునీరు సందు సందులో దూరి తుప్పు వేగాన్ని పెంచేది.

1960లో రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ హయాంలో పదేళ్ళు దాటిన కార్లకు పరీక్ష మొదలుపెట్టారు. రవాణా మంత్రిత్వ శాఖ (మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్) పేరు మీదే దానికి ఎంఓటీ అని పేరు స్థిరపడింది. తొలుత చూసింది బ్రేకులు, లైట్లు, స్టీరింగ్. 1967 నాటికి మూడేళ్ళ కారుకే పరీక్ష తప్పనిసరైంది. 1977లో బాడీ, చాసిస్‌ల స్థితి కూడా జాబితాలో చేరింది. ఇక పరీక్షకుడు చిన్న సుత్తి పట్టుకుని కారు అడుగంతా తట్టడం మొదలైంది. సస్పెన్షన్, స్టీరింగ్, సీటు బెల్టు బిగించే చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు రేకు పుచ్చి ఉంటే కారు తప్పినట్టే. మైనర్‌లో ట్రావెలర్ అనే రకానికి వెనక భాగం యాష్ కర్రతో చేసిన చట్రం. దానికి తుప్పుతో పాటు కర్ర కుళ్ళు కూడా చూసేవారు!

పరీక్ష గండం గట్టెక్కడానికి కొందరు పుట్టీని నమ్ముకున్నారు. పుట్టీ రాకముందు బాడీ అతుకులు నింపడానికి ఫ్యాక్టరీల్లోనే సీసం వాడేవారు. 70 పాళ్ళు సీసం, 30 పాళ్ళు తగరం కలిపిన కడ్డీని సుమారు 183 నుంచి 255 డిగ్రీల మధ్య వేడి చేస్తే ముద్దలా మెత్తబడుతుంది. కొవ్వు రాసిన చెక్క గరిటెతో దాన్ని రుద్ది సాపు చేసేవారు. చెయ్యి తిరిగిన వాడి పని అది, పైగా సీసం విషం. 1955లో అమెరికాలోని మయామీలో రాబర్ట్ మెర్టన్ స్పింక్ బాండో పేరుతో పాలిస్టర్ పుట్టీ తయారుచేశాక ఎవరైనా డబ్బా తెరిచి, గట్టిపరిచే మందు కలిపి పూసుకునే వీలొచ్చింది. బ్రిటన్‌లో ఐసోపాన్ అనే పుట్టీ ఇంటింటి సరుకైంది. సిల్ లోపల వైరు మెష్, పాత పేపర్లు కుక్కి పైన పుట్టీ పూసి పెయింటు కొట్టిన ఘనులూ ఉన్నారు. పుట్టీని తిట్టి లాభం లేదు. సొట్ట సాపు చేయడానికి అది మంచిదే, చిల్లు మూయడానికే పనికిరాదు. బరువు మోసే చోట నిబంధన కూడా అదే చెబుతుంది: వెల్డు తెగకుండా సాగాలి, పుట్టీ గానీ ఇత్తడి అతుకు గానీ చెల్లదు.

మరి ఇంట్లో వెల్డింగ్ ఎలా? గ్యాస్ వెల్డింగ్‌కు ఆక్సిజన్, ఎసిటిలీన్ సిలిండర్లు కావాలి. పైగా ఆ మంట వేడికి పలుచటి రేకు అలలు తిరిగిపోతుంది. దారి చూపింది మిగ్ వెల్డింగ్. 1948లో అమెరికాలోని బ్యాటెల్ సంస్థలో అల్యూమినియం కోసం పుట్టిన ఈ పద్ధతి, కార్బన్ డయాక్సైడ్ వాయువు వాడకంతో 1950లలో ఉక్కుకు చవగ్గా అందింది. 1980ల నాటికి ఇంటి గోడకున్న 13 ఆంపియర్ల ప్లగ్గులో గుచ్చి నడిపే చిన్న మిషన్లు బజారులోకి వచ్చాయి. కరిగి అతుకుగా మారే తీగ మందం 0.6 మిల్లీమీటర్లు. ట్రిగ్గర్ నొక్కితే తీగ తనంతట తానే వస్తుంది, రెండో చెయ్యి ఖాళీ. 1980లోనే మొదలైన ప్రాక్టికల్ క్లాసిక్స్ పత్రిక ఇలాంటి పనులను ఫొటోలతో దశలవారీగా చూపించింది.

సిల్ మార్చడమే ఇందులో అసలు పరీక్ష. దాన్ని ఒక్కసారిగా కోసేస్తే బాడీ మధ్యలో కుంగుతుంది, తర్వాత తలుపు పడదు. అందుకే ముందు తలుపుల చట్రానికి అడ్డంగా ఇనుప బద్దలు అతికిస్తారు. పుచ్చిన రేకును మెరిసే లోహం కనిపించేదాకా కోస్తారు. కొత్త సిల్‌ను క్లాంపులతో పట్టించి, తలుపు తగిలించి, చుట్టూ సందు సమంగా ఉందా అని చూశాకే వెల్డు పెడతారు. అదైనా వరసగా కాదు. ఇక్కడో చుక్క, జానెడు అవతల మరో చుక్క. వేడి ఒకేచోట చేరకూడదు. చివర్లో చుక్కలన్నిటినీ కలుపుతారు. బోలు భాగంలోకి మైనం చిమ్మకపోతే ఈ శ్రమంతా కొన్నేళ్ళకే మళ్ళీ మొదటికొస్తుంది. బద్ధకస్తులు పాత సిల్ మీదే కొత్త రేకు కప్పేసేవారు. లోపలి తుప్పు తన పని తాను చేసుకుపోయేది.

రేకులు దొరకడమూ ఒక కథే. 1980లో ఉత్పత్తి ఆగిపోయిన ఎంజీబీ కారుకు, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులను వెతికి పట్టుకుని 1988లో పూర్తి బాడీనే కొత్తగా తయారుచేసి అమ్మింది. మోరిస్ మైనర్ సంగతి ఇంకా వింత. బాత్ నగరంలో మైనర్ కార్లను బాగుచేసే కేంద్రం నడిపిన చార్లెస్ వేర్, వాటి మరమ్మతు రేకులను శ్రీలంకలో తయారుచేయించే ఏర్పాటు చేశాడు.

మన అంబాసిడర్‌దీ ఈ వంశమే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా ఉత్తరపారాలో తయారై, 2014 దాకా నడిచింది. దానికీ విడిగా చాసిస్ లేదు. ఇక్కడ మంచు ఉప్పు లేదు గానీ వాన ఉంది, విశాఖ లాంటి ఊళ్ళలో సముద్రపు గాలి ఉంది. తేడా అల్లా మనవాడు కారు కింద దూరలేదు, ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రికి అప్పగించాడు. చెయ్యి తిరిగిన మేస్త్రి అందుబాటు ధరలో దొరికే చోట ఆ దర్జా చెల్లింది.

పాత అంబాసిడర్ కొనే ఆలోచన ఉన్నవాళ్ళు పెయింటు మెరుపు చూసి బేరం కుదుర్చుకోవద్దు. జేబులో చిన్న అయస్కాంతం ఒకటి తీసుకెళ్ళండి. గీత పడకుండా దానికి గుడ్డ చుట్టి తలుపుల కింద, చక్రాల పైన మెల్లగా జరపండి. పట్టు వదిలిన చోట ఉన్నది రేకు కాదు, పుట్టీ. తర్వాత లోపలి కార్పెట్ ఎత్తించి అడుగు చూడండి. ఎత్తడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి.