గిటారు కూత - దాని కట్టడి

హైదరాబాదు హైటెక్ సిటీ చెంతనున్న శిల్పకళా వేదిక వంటి మందిరములలో విద్యుత్ గిటారు మ్రోగునపుడు ఒక్కొక్కసారి చెవులు చిల్లులు పడునట్లు కూత పుట్టవచ్చును. పాఠశాల సభలో మైకు కూయుటకును కారణమొక్కటే. లౌడ్‌స్పీకరు ధ్వని గిటారు తీగలను మరల కంపింపజేయును. ఆ కంపనము ఆంప్లిఫయరులో పెరిగి తిరిగి లౌడ్‌స్పీకరును చేరును. చుట్టివచ్చిన సంకేతము మొదటిదానితో ఒకే దశలో కలిసి, దానిని మించెనా, కూత ఆగదు.

డెన్మార్కు భౌతిక శాస్త్రజ్ఞుడు లార్సెన్ (1871-1957) పేర దీనిని లార్సెన్ ఫలితమందురు. ఇట్టి వలయముల స్థిరత్వమునకు నైక్విస్ట్ 1932లో గణిత నియమమును చూపెను. బోలు పెట్టె గిటారు ధ్వనికి సులభముగా అదురును. అదురు తక్కువగల గట్టి కొయ్య గిటారును ఫెండర్ కంపెనీ 1950లో విపణికి తెచ్చెను. 1964లో బీటిల్స్ బృందము ఆ కూతనే కోరి తమ రికార్డులో వాడినది!

మొత్తము శబ్దము తగ్గించినచో వెనుక వరుస శ్రోతకు పాట అందదు. కనుక వాద్యకారుడు స్పీకరుకు దూరముగా జరుగవలెను. కూయు పౌనఃపున్యమును మాత్రమే ఈక్వలైజరుతో తగ్గించవలెను. వలయము ఒకచోట బలహీనపడిన చాలును, కూత అణగును.