డ్రిఫ్ట్: తోలుకుపోయే గడియారం

ఇంగ్లీషు 'డ్రిఫ్ట్', 'డ్రైవ్' ఒకే వేరు మాటలు. మూలార్థం తోలడం. గాలి తోలిన మంచుకుప్పా డ్రిఫ్టే, తెడ్డు లేక ఏటివాలున కొట్టుకుపోయే పడవదీ డ్రిఫ్టే. మన పల్లెల్లోనూ గాలి 'తోలుతుంది' కదా!

గడియారాలూ ఇలాగే కొట్టుకుపోతాయి. సౌండ్ కార్డులో గడియారంగా పనిచేసే క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 48,000 నమూనాలు తీస్తానంటుంది గానీ, సరిగ్గా అన్నే తీయదు. కంప్యూటర్ గడియారంతో పది లక్షలకు 50 వంతుల తేడా వచ్చినా గంటకు 180 మిల్లీసెకన్లు. అప్పటికి వీడియోలో పెదవులొక దారి, మాటొక దారి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రెండు గడియారాలనూ పోల్చి చూసుకుంటూ ధ్వనిని పిసరంత సాగదీస్తుంది, లేదా కుదిస్తుంది. అలాకాక నమూనాలను మొరటుగా తెంపేస్తే చిటుక్కుమని వినిపిస్తుంది.

ఈ డ్రిఫ్ట్‌ను 'కాలభ్రంశం' అనడం నాకు నచ్చదు. గోడగడియారం 'వెనక నడుస్తోంది' అని ఇంట్లో అంటూనే ఉన్నాంగా.